పరదా బండి ఆగిపోయిన ఏడు

పరదా అంటే ఆడపిల్లను కట్టేసే గుడ్డ అని ఇప్పుడు అందరూ అంటారు. మా చెల్లెలి మనవరాలైతే కాలేజీలో ఆ మాట మీద ఉపన్యాసం కూడా ఇచ్చి వచ్చింది. కాదని నేనెందుకంటాను? కానీ మీరు నవ్వితే నవ్వండి, నాకు ఆ పరదా మళ్లీ కావాలనిపిస్తుంది. రెండెడ్ల బండికి నాలుగు వైపులా వేలాడే ముదురు నీలం గుడ్డ, లోపల ఒకరి ఒళ్లో ఒకరుగా ఇరుక్కుని కూర్చున్న మేము, తలలకు రాసుకున్న కొబ్బరినూనె వాసన, ఎవరి డబ్బాలోంచో మామిడికాయ తొక్కు వాసన. ముసలిదాన్నయ్యాను, ఇంకా ముక్కు ఆ వాసన కోసం వెతుకుతుంది.

మా పాతబస్తీలో అప్పుడు ఎదిగిన ఆడపిల్ల నడిచి బడికి పోయేది కాదు. తురకల ఇల్లయినా మనవాళ్ల ఇల్లయినా అదే పద్ధతి. బడివాళ్లే బండి పంపేవారు. బండి సందు మొదట్లో ఆగేది, వెనక కూర్చున్న ఆయా దిగి ఇంటింటి ముందు నిలబడి అరిచేది. పిల్లలు గబగబా వచ్చి ఎక్కి కూర్చునేవారు. ఎక్కి కూర్చున్నాక ఎవరి కాళ్లు ఎలాంటివో ఎవరికి కావాలి? గొప్పింటి పిల్లయినా, లేనింటి పిల్లయినా, గంతులేసేదైనా, నాలాంటిదైనా, బండిలో అందరం కూర్చున్నవాళ్లమే.

నాలాంటిది అంటే చెప్పాలి కదా. పసితనంలో నాకు జ్వరం వచ్చింది. తగ్గింది గానీ, పోతూ పోతూ ఎడమ కాలిని కూడా వెంటబెట్టుకుని పోయింది. హకీం ఇచ్చిన నూనెతో అమ్మ ఎన్నాళ్లు మాలిష్ చేసినా ఆ కాలు సన్నబడిందే తప్ప లేవలేదు. జబ్బు పేరేమిటో మాకెవరూ చెప్పలేదు. సందులో మాత్రం నాకో పేరు పెట్టారు, కుంటిది అని. తిట్టడానికి కాదు, గుర్తుకోసమే. "కుంటిదాని ఇంట్ల పాలు మంచిగుంటయి" అనేవారు, అంత మామూలుగా.

పాలు మా ఇంటి పని. మూసీ మీది పురానాపూల్ వంతెనకు ఇవతల, బహదూర్‌పురా పోయే దారిలో మా సందు. సందు చివర బర్రెల కొట్టం, దానికి ఆనుకుని మేముండే రెండు గదులు. బాపు తెల్లవారకముందే పాలు పిండి, సైకిల్‌కు క్యాన్లు తగిలించుకుని ఇళ్లకూ ఇరానీ హోటళ్లకూ పోసి వచ్చేవాడు. రాగానే బర్రెలను మూసీ ఒడ్డుకు తోలుకుపోవాలి. అమ్మకు కొట్టంలో పేడ ఎత్తడం, కుడితి పెట్టడం. నాకు కర్ర కావాల్సి వస్తే బాపు బర్రెల్ని తోలే కట్టెనే నా ఎత్తుకు నరికి, పైన గుడ్డ చుట్టి ఇచ్చాడు. "నా బిడ్డకు ఫస్ట్ క్లాస్ కట్టె" అని తనే మురిసిపోయాడు. దాన్ని చూసి మా బర్రెలు నాకు దారిచ్చేవి, ఆ ఒక్క లాభం ఉండేది.

నా కట్టెతో నేను సందు దాటలేకపోయేదాన్ని. వాకిట్లోంచి కొట్టం దాకా పోయొస్తేనే తొడ వణికేది. అందుకే ఆయా లోపలి దాకా వచ్చేది. చిన్నప్పుడు చంకనెత్తుకునేది, పెద్దయ్యాక చంకలో చెయ్యి వేసి సగం మోసేది. "ఆజా మేరీ రానీ, తఖ్త్ తయ్యార్ హై" అంటూ నన్ను బండిలో కుదేసేది. సింహాసనమట! చెక్కబల్ల మీద చిరిగిన బొంత. నాకైతే నిజంగా సింహాసనమే.

బండిలో నా పక్కన కూర్చునేది వకీలు గారి అమ్మాయి. వాళ్లిల్లు బహదూర్‌పురా వైపు, బండి ముందు వాళ్లను ఎక్కించుకుని మా సందుకు వచ్చేది. ఆమెకూ అదే జ్వరం, అదే కథ, కాకపోతే కుడి కాలు. వాళ్ల నాన్న బొంబాయి తీసుకుపోయి ఇనుప పట్టీలున్న బూటు చేయించాడు. నడిస్తే టక్కు టక్కుమనేది. నా కట్టె ఠక్కు ఠక్కు. మేమిద్దరం బడి వరండాలో నడుస్తుంటే ఆమె అటు ఒరిగేది, నేను ఇటు ఒరిగేదాన్ని, మధ్యలో భుజాలు తాకి ఇద్దరం నవ్వి చచ్చేవాళ్లం. ఆమె చెయ్యి నా మెడ చుట్టూ, నా చెయ్యి ఆమె నడుం చుట్టూ వేసుకుంటే పడకుండా పోగలిగేవాళ్లం. ఇద్దరికీ కలిపి రెండు మంచి కాళ్లున్నాయి కదా, ఇంకేం తక్కువ అనేది.

మా బడి ఏడో తరగతి దాకానే. అది పూల్‌కు ఇవతలే ఉండేది. చిన్నవాళ్లను అక్కడ దింపి, అదే బండి పెద్ద పిల్లలతో పూల్ దాటి పై బడికి పోయేది. రోజూ నేను దిగి వరండాలో నిలబడి ఆ బండి వెనక పరదా ఊగుతూ పోవడం చూసేదాన్ని. లోపల పెద్దక్కలు ఏదో పద్యం కలిసి చదువుతూ పోయేవారు. వాళ్ల గొంతులు పూల్ ఎక్కేదాకా వినిపించేవి. పై బడిలో భూగోళానికి వేరే గది ఉందట, గోడ నిండా పటమట, సైన్సుకు గాజు గొట్టాలట. అక్కడికి పోవడానికి నేను చేయాల్సిందల్లా ఏమిటి? ఏడు పాసయ్యాక, నేను దిగే చోట దిగకుండా కూర్చోవడం. అంతే! కూర్చోవడమైతే నాకు వచ్చు కదా. ఆ ఏడాదంతా అదే కల. బండి ఆగుతుంది, చిన్నవాళ్లు దిగుతారు, నేను కదలను.

ఏడు పాసయ్యాను. లెక్కల్లో వకీలు గారి అమ్మాయి కంటే నాకే ఎక్కువొచ్చాయి. ఇది చెప్పకుండా ఎట్లా ఉంటాను?

ఆ వేసవి సెలవులకు ముందు ఆఖరి రోజున, పై బడికి కొత్తగా వచ్చిన పెద్ద టీచరమ్మ మమ్మల్ని కూడా అక్కడికి రప్పించి, అందరినీ కూర్చోబెట్టి మాట్లాడింది. కాలం మారింది, మీరు ఎవరి కంటా పడకుండా మూటల్లా ఎందుకు పోవాలి, వచ్చే ఏడాది నుంచి తలెత్తుకుని నడిచి రండి, ఇక బండి రాదు అంది. పై బడి ఆవరణలో మేమంతా, రెండు బడుల పిల్లలమూ, చప్పట్లు కొట్టాం. ఇంటికి పోయేటప్పుడు పెద్దక్కలు బండి పరదా తాళ్లు విప్పి గుడ్డ లాగేశారు. నేనూ ఒక మూల పట్టుకుని లాగాను. అబ్బ, ఎంత గాలి వచ్చిందో! పూల్ మీద నుంచి మూసీ కనిపించింది, ఎండిన ఇసుక, అక్కడక్కడ నీళ్లు, ఒడ్డున పచ్చగడ్డి, ఆ గడ్డిలో మా బాపు బర్రెలు. "అదుగో మా బర్రె! అదుగో మా బర్రె!" అని గొంతు చించుకున్నాను. జామపండ్ల బండివాడు మమ్మల్ని చూసి నోరు తెరిచి నిలబడిపోయాడు. అంత సంతోషం నాకు మళ్లీ రాలేదు.

ఇంటి ముందు ఆయా నన్ను దింపి, ఎందుకో వెంటనే పోలేదు. నా గడ్డం పట్టుకుని ఊరికే చూసింది. "మేరీ రానీ అబ్ కైసే జాయెగీ?" అంది, తన రాణి ఇక బడికి ఎట్లా పోతుందని. అప్పుడు గానీ నాకు తట్టలేదు, బండి రాదు అంటే నాకు ఏమిటో. ఊరంతా ఒక దారి ఉలిపికట్టెదొక దారి అని మా నాయనమ్మ సామెత. ఊరంతా పండగ చేసుకుంటుంటే నేను కొట్టంలో గడ్డి మోపు మీద పడి ఏడ్చాను.

"ఏందే ఆ ఏడుపు, ఎవలో సచ్చినట్లు?" అంది నాయనమ్మ. "ఏడు సదివినవు, సాలదా? ఇంక సదివి ఏం జేస్తవ్, బర్రెలకు పాఠం జెప్తవా?"

"బర్రెలైనా ఇంటయి, నువ్వైతే ఇనవు" అన్నాను. వీపు మీద ఒకటి పడింది. నాకు కాలు లేదు గానీ నోరు రెండు కాళ్ల పెట్టు.

బాపు మాత్రం ఆ రాత్రి అన్నం తింటూ, "ఫికర్ జెయ్యకు బిడ్డా, నేను లేనా? నా సైకిల్ లేదా?" అన్నాడు. బడి తెరిచాక నిజంగానే తీసుకుపోయాడు. పాలు పోసి రాగానే ఖాళీ క్యాన్ల మధ్య నన్ను వెనక కూర్చోబెట్టి, కట్టెను హ్యాండిల్‌కు కట్టి, పూల్ దాటించాడు. పై బడి మెట్లు ఎక్కించి, ఎనిమిదో తరగతి గదిలో కూర్చోబెట్టి, "టీచరమ్మా, మా బిడ్డ లెక్కల్ల ఫస్ట్" అని అందరూ వినేలా చెప్పి పోయాడు. సిగ్గుతో చచ్చాను. గర్వంతో కూడా.

ఆ కొద్ది రోజులే నేను ఎనిమిది చదివింది. గోడ మీద పటం నిజంగానే ఉంది. దానిలో గోదావరి పుట్టినచోటి నుంచి సముద్రం దాకా కట్టె చివరతో నేను గీసి చూపిస్తే టీచరమ్మ భేష్ అంది. కానీ బర్రెలకు భూగోళం తెలియదు. బాపు నన్ను దింపి వచ్చేసరికి ఎండెక్కేది, బర్రెలు ఆకలికి కొట్టంలో అరిచి తాళ్లు తెంపుకునేవి. సాయంత్రం బడి వదిలే వేళకూ పాలు పిండే వేళకూ తేడా లేదు. నన్ను తీసుకొచ్చి పిండితే హోటల్‌కు పాలు ఆలస్యం. ఒకరోజు హోటల్ సేఠ్ పాలు వద్దని తిప్పి పంపాడు. బాపు క్యాన్లు దించి, చాలాసేపు పొదుగు కడుగుతూనే కూర్చున్నాడు. మర్నాడు నేనే, "బాపూ, ఇయ్యాల కాలు నొస్తున్నది, పోను" అన్నాను. బాపు నా ముఖం చూడకుండా "మంచిది బిడ్డా" అన్నాడు.

వకీలు గారి అమ్మాయికి రిక్షా మాట్లాడారు. కొత్త రిక్షా, పొద్దున తీసుకుపోయి సాయంత్రం తెచ్చేలా. అది మా సందు మొదలు మీదుగానే పూల్ మీదికి పోవాలి. ఆ రిక్షాలో ఇద్దరు కూర్చోవచ్చు. ఈ ముక్క నేను అమ్మకు ఎన్నిసార్లు చెప్పానో! "అమ్మా, సీటు ఖాళీగనే పోతది. నేను సన్నగ కూసుంటా." అమ్మకు వకీలు గారింటికి పాలు పోయడమే తప్ప ఏదైనా అడగడం తెలియదు. చివరికి మా ఎర్రబర్రె ఈనిన వారం, జున్ను వండి గిన్నెలో పెట్టి, మంచి చీర కట్టుకుని, నన్నూ చెల్లెల్నీ వెంటబెట్టుకుని బయల్దేరింది. నన్ను బాపు సైకిల్ మీద వాళ్ల గేటు దాకా దింపి పోయాడు.

వకీలు గారి భార్య మంచావిడ. వరండాలో చాప వేయించింది, జున్ను అందుకుని వాసన చూసి "ఆహా" అంది. అమ్మ కొంగు నలుపుకుంటూ విషయం చెప్పింది. ఆమె మొత్తం విన్నది. విని, నా తల నిమిరి, అమ్మ వైపు తిరిగింది.

"నువ్వు అడిగింది మంచిగనే ఉన్నది గానీ, జర నువ్వే ఆలోచించు. రిక్షాల మా పిల్ల ఒక్కతే పోవద్దనే నేను కూడ ఒక తోడు చూస్తున్న. మెట్ల కాడ చెయ్యి పట్టాలె, సంచి మొయ్యాలె, బూటు పట్టీ ఊడితే కట్టాలె. నీ పెద్దబిడ్డకే ఒకరు చెయ్యి పట్టాలె కద. ఇద్దరినీ ఎక్కిస్తే ఎవరు ఎవరిని పడతరు?"

వరండా మెట్ల మీద మా చెల్లెలు ఒంటికాలి మీద ఎగురుతోంది. దాని ఆట అది ఆడుకుంటోంది, పాపం. వకీలు గారి భార్య దాన్ని చూసింది.

"ఈ చిన్నదాన్ని పంపరాదూ? పై బడిల ఆరు నుంచి ఉన్నది. దీని చదువు, బట్టలు మేం జూసుకుంటం. నీకు ఒక బిడ్డన్న సదువుకున్నట్లయితది."

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ పూజారి కూడా ఇచ్చాడు, కానీ పక్కనున్న దానికి. ఆమె అన్నదాంట్లో తప్పేముంది? ఎంత వెతికినా నాకు దొరకలేదు. దొరికి ఉంటే ఒక తిట్టు తిట్టి ఊరుకునేదాన్ని. అమ్మ నా వైపు ఒకసారి చూసింది. ఆ చూపులో నన్ను అడగడం ఉంది, నేను వద్దంటే వద్దని చెప్పడానికి సిద్ధపడటం కూడా ఉంది. నేను తల వంచుకుని చాప ఈనె పీకుతూ కూర్చున్నాను. అమ్మ "మీ దయ అమ్మా" అంది.

చెల్లెలికి చదువంటే చేదు. అది గల్లీ బడికే ఎగ్గొట్టి దూడలతో ఆడుకునేది. "నేను పోను, అక్కనే పొమ్మను" అని నేల మీద పడి దొర్లింది. అట్లా ఏడుస్తున్నదాని జుట్టు దువ్వి, రెండు జడలు వేసి, వకీలు గారింటి నుంచి వచ్చిన కొత్త రిబ్బన్లు కట్టింది నేనే. మొదటి రోజు జడ ఎంత బిగించానో, అది "అక్కా, కండ్లు గుంజుతున్నయే" అంది. గుంజనీ అనుకున్నాను. కుళ్లు అంటారా? కుళ్లే. సాయంత్రం అది వచ్చి సంచి విసిరేసి కొట్టంలోకి పరుగెత్తేది, నేను "పటం చూసినవా? పటంల ఏం జెప్పిన్రు?" అని వెంటబడి అడిగేదాన్ని. "ఏం పటమే?" అనేది. దాన్ని కొట్టబుద్ధయ్యేది.

నా దోస్తును మాత్రం చూడలేదు. పొద్దున రిక్షా గంట వినిపించేది, చెల్లెలు పరుగెత్తేది, రిక్షా పోయేది. మా సందు ఇరుకు, మధ్యలో మురికినీళ్ల మోరీ, రిక్షా లోపలికి రాదు. ఆ ఇనుప బూటుతో ఆ రాళ్ల మీద ఆమె రాలేదు. నేను అటు పోలేను. ఇద్దరి మధ్యా ఉన్నది ఒక సందు, అంతే. సందు అంటే మామూలు వాళ్లకు ఏముంది, ఒక ఉమ్మి వేసేంత దూరం.

వానలు పోయాక ఒక పొద్దున చెల్లెలు రిక్షా దాకా పోయి, మళ్లీ వగరుస్తూ వెనక్కి వచ్చింది. "అక్కా, నిన్ను రమ్మంటున్నది. ఒక్కసారి రమ్మంటున్నది" అంది. అమ్మ కొట్టంలో ఉంది. బాపు ఇంకా పాలు పోసి రాలేదు. నేను కట్టె తీసుకున్నాను. ఒక చెయ్యి గోడకు ఆనించి, ఒక్కో ఇంటి గడప దగ్గర ఆగి, బయల్దేరాను. చెల్లెలు చెయ్యి ఇవ్వబోతే వద్దన్నాను. మోరీ దగ్గర జారి మోకాలు గీరుకుపోయింది, లేచాను. తొడ వణికి వణికి ఇక వణకడం మానేసింది. గల్లీలో ఆడవాళ్లు బిందెలు పట్టుకుని చూస్తూ నిలబడ్డారు. రోడ్డు మీదికి వచ్చేసరికి ఒళ్లంతా చెమట, నోట్లో తడి లేదు. వచ్చాను మరి!

ఆమె రిక్షాలో ఒక పక్కకు ఒదిగి కూర్చుని ఉంది. నన్ను చూడగానే రెండు చేతులూ చాచింది. నేను రిక్షా పట్టుకుని నిలబడ్డాను.

"అమ్మను మస్తు అడిగిన" అంది. "ఇనలే."

"ఎరుకే."

"నువ్వు రావే. ఎట్లన్న రా." "నువ్వు ఉన్నప్పుడు మనమిద్దరం ఉంటిమి. ఇప్పుడు ఆ బడి మొత్తంల కుంటిది నేనొక్కదాన్నే."

నాకు ఏడుపు రావాలి. నవ్వు వచ్చింది. నా నవ్వు చూసి ఆమెకూ వచ్చింది. ఆ ఒక్కదాన్నే అనే మాట ఎంత బరువో నాకు తెలియక ఎవరికి తెలుస్తుంది? ఆమెకు అన్నీ ఉన్నాయి, బూటుంది, రిక్షా ఉంది, తోడు ఉంది, బడి ఉంది. నేను లేను. నాకు ఆమె కూడా లేదు.

"చలో బేబీ, ఘంటీ హో జాయెగీ" అని, బడి గంట కొట్టేస్తారని తొందరపెట్టాడు రిక్షావాడు. చెల్లెలు ఎగిరి ఆమె పక్కన కూర్చుంది, సంచి ఒళ్లో పెట్టుకుంది. రిక్షా కదిలింది. ఆమె వెనక్కి తిరిగి చెయ్యి ఊపుతూనే ఉంది, పూల్ ఎక్కేదాకా.

తిరిగి ఇంటికి పోవాలంటే ఒంట్లో సత్తువ లేదు. మూలన గడ్డి అమ్మే దుకాణం బల్ల మీద కూర్చున్నాను, బాపు సైకిల్ వస్తుందని. అప్పుడే పిల్లలంతా బడికి నడిచి పోతున్నారు. నాతో బండిలో ఇరుక్కుని కూర్చున్నవాళ్లే, నాతో పరదా లాగినవాళ్లే. తలల మీద ముసుగు లేదు, చేతులు పట్టుకుని, గట్టిగా మాట్లాడుకుంటూ, రోడ్డంతా వాళ్లదే అన్నట్లు పోతున్నారు. ఎంత ముద్దుగా ఉన్నారో! నేను ఎప్పుడూ వాళ్లను నడుస్తుండగా చూడలేదు. కొందరు నన్ను పిలిచి చెయ్యి ఊపారు, నేనూ ఊపాను. ఒక పిల్ల పరుగెత్తుకొచ్చి, "ఇక్కడిదాక ఎట్లొచ్చినవే?" అంది.

"నడిచే" అన్నాను.

"అయితే రేపటి సంది బడికి కూడ వస్తవన్నట్టు" అని సంతోషపడి, పరుగెత్తి తన జట్టును కలుసుకుంది. ఆ రేపు వచ్చింది గానీ నేను మంచం దిగలేదు. బడి వైపు నా కాళ్ల మీద నేను పోయింది ఆ బల్ల దాకానే.